పది నిమిషాలు వదిలేస్తే స్క్రీన్ సరిగ్గా తిరిగి రావడం లేదు, గ్రాఫిక్స్ కార్డు మార్చేయాలా?

ప్రశ్న: నేను ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటాను. డెస్క్‌టాప్‌కి రెండు మానిటర్లు, విండోస్ 11. పని చేస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. లేచి వెళ్లి కాసేపాగి వస్తే స్క్రీన్లు ఆరిపోయి ఉంటాయి, అది మామూలే. మౌస్ కదిపితే మాత్రం ఒక్కోరోజు ఒక్కో తంతు. ఒకసారి కుడి మానిటర్ వెలగదు, సిగ్నల్ లేదని చూపించి మళ్లీ ఆరిపోతుంది. ఒకసారి రెండూ వెలుగుతాయి గానీ తెరిచి ఉంచిన విండోలన్నీ ఎడమ మానిటర్‌లోకి వచ్చి కుప్పపడి ఉంటాయి. అప్పుడప్పుడు అక్షరాల చుట్టూ రంగురంగుల గళ్లు. పోయిన వారం రెండూ నల్లగానే ఉండిపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను, రెండు గంటల పని పోయింది. రిపేరు చేసే అతనికి చూపిస్తే గ్రాఫిక్స్ కార్డు పోతోంది, మార్చాలి అన్నారు. అంత డబ్బు ఇప్పుడు పెట్టలేను. అప్పటి నుంచి కంప్యూటర్ ముందు నుంచి లేవాలంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ కార్డు కొనకండి. ఎప్పటికీ అక్కర్లేదని నేను అనడం లేదు, ఇంకా ఆ దాకా రాలేదంటున్నాను. ఎందుకంటే మీ ఉత్తరంలోనే ఒక మంచి ఆధారం ఉంది: పని చేస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు అన్నారు. కార్డులోని చిప్పో, దాని మీద ఉండే మెమరీయో దెబ్బతింటే అది ఎక్కువగా వేడెక్కినప్పుడు, బరువైన పని మీద ఉన్నప్పుడు బయటపడుతుంది. గంటల తరబడి పెద్ద పెద్ద బొమ్మలున్న పేజీలు మోసిన కార్డు, ఊరికే ఉన్నప్పుడు మాత్రమే చెడిపోవడం తక్కువ. మీకు వచ్చే గొడవంతా స్క్రీన్ ఆరి మళ్లీ వెలిగే ఆ రెండు మూడు సెకన్లలోనే. ఆ కాస్త సమయంలో కార్డు, డ్రైవర్ (కార్డుతో విండోస్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్), కేబుల్, మానిటర్ నాలుగూ మళ్లీ మొదటి నుంచి ఒకదాన్నొకటి పలకరించుకోవాలి. ఎక్కడో ఒకచోట ఆ పలకరింపు తప్పుతోంది. అది ఎక్కడో తేల్చడానికి ఖర్చేమీ అక్కర్లేదు, ఒక పూట ఓపిక కావాలి.

ఈ రోజుకి మాత్రం పని పోకుండా ఒక ఏర్పాటు చేసుకోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ తెరిచి, స్క్రీన్ ఆరే సమయం, స్లీప్‌లోకి వెళ్లే సమయం రెండింటినీ నెవర్ అని పెట్టేయండి. లేచి వెళ్లేటప్పుడు మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించండి, చాలు. మామూలు ఎల్‌సీడీ మానిటర్‌కి కొన్ని గంటలు అలా వెలిగి ఉన్నంత మాత్రాన ఏమీ కాదు (ఓఎల్‌ఈడీ అయితే మాత్రం ఒకే బొమ్మను అలా వదిలేయకండి, మచ్చ పడే ప్రమాదం ఉంది). మానిటర్ మీద ఉన్న బటన్‌తో ఆపొద్దు. కొన్ని మానిటర్లలో దాంతోనూ ఇదే గొడవ వస్తుంది, ఎందుకో కింద చెప్తాను. మీ డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో ఆటో సేవ్ ఉంటే ఐదు నిమిషాలకోసారి అని పెట్టుకోండి, ఇది ఇప్పుడే, మిగతాది చదవకముందే.

సరే, ఇక అసలు విషయం. స్క్రీన్ నల్లబడింది అని మనం ఒకే మాట అంటాం గానీ, ఊరికే వదిలేసిన కంప్యూటర్‌లో మూడు రకాల నలుపు ఉంటుంది, మూడింటి రోగాలూ వేరు, మందులూ వేరు. మొదటిది స్క్రీన్ సేవర్, లేదా లాక్ అయ్యాక వచ్చే నల్లటి తెర: ఇందులో మానిటర్ వెలిగే ఉంటుంది, కంప్యూటరే నల్ల రంగు చూపిస్తుంటుంది. చీకట్లో చూస్తే వెనక కాంతి సన్నగా తెలుస్తుంది. రెండోది మానిటర్‌ని మాత్రమే పడుకోబెట్టడం: కార్డు సిగ్నల్ ఆపేస్తుంది, మానిటర్ లైటు రంగు మారుతుంది లేదా మెల్లగా కొట్టుకుంటుంది, కానీ కేసులో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. మూడోది కంప్యూటరే స్లీప్‌లోకి వెళ్లడం: మామూలు డెస్క్‌టాప్‌లో ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి, ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతూ ఉంటుంది. మీది ఏ నలుపులో వచ్చే గొడవో మీరు రాయలేదు, అలా గమనించాలని మీకు ఎవరూ చెప్పి ఉండరు కూడా. అన్నిటికంటే ముందు తేలాల్సింది అదే.

తేల్చడానికి పావుగంట కూర్చుని ఎదురుచూడొద్దు. తెరిచినవన్నీ సేవ్ చేసి, స్లీప్‌ని నెవర్‌లోనే ఉంచి, స్క్రీన్ ఆరే సమయాన్ని మాత్రం 1 నిమిషం పెట్టండి. ఆరనివ్వండి, లేపండి. ఇలా ఓ పదిసార్లు చేయండి, ఎన్నిసార్లు తడబడిందో కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఒక్కసారి బాగా వచ్చింది కదా అని వదిలేయకండి, వచ్చిపోయే జబ్బుని ఒక్క పరీక్షతో పట్టుకోలేం. ఒక విషయం గుర్తుంచుకోండి, కొన్ని మానిటర్లు సిగ్నల్ ఆగిన వెంటనే కాకుండా ఇంకాసేపాగి లోతైన నిద్రలోకి వెళ్తాయి, కాబట్టి పదింటిలో రెండు మూడుసార్లు పది నిమిషాలు ఆగి లేపండి. తర్వాత స్టార్ట్ మెనూలోంచి స్లీప్ నొక్కి, ఫ్యాన్లు ఆగాక లేపండి, అదీ ఓ ఐదారుసార్లు. రెండో రకంలోనే తప్పుతుంటే చూపు కేబుల్, మానిటర్ వైపు తిప్పాలి. మూడో రకంలోనే తప్పుతుంటే డ్రైవర్, బయోస్ (విండోస్ కంటే ముందు మొదలయ్యే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) వైపు. రెండింటిలోనూ వస్తుంటే కేబుల్‌తోనే మొదలుపెట్టండి, అది తేలిక కాబట్టి.

ఈ పరీక్షల మధ్యలో మళ్లీ అంతా నల్లగా ఉండిపోతే పవర్ బటన్ జోలికి వెళ్లకండి. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు మీద దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ బతికే ఉంది, మీకు కనిపించడం లేదంతే. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. చిన్న బీప్ వినిపిస్తుంది, స్క్రీన్ ఒక్కసారి మిణుకుమంటుంది, విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని మళ్లీ మొదలుపెడుతుంది, మీరు తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి. అయినా రాకపోతే మానిటర్ కేబుల్ తీసి పది సెకన్లాగి పెట్టండి. అదీ కాకపోతే కనిపించకుండానే పని చేయాలి: ఎంటర్ కొట్టి, మీ పాస్‌వర్డ్ టైప్ చేసి, మళ్లీ ఎంటర్ కొట్టి, కొన్ని సెకన్లాగి కంట్రోల్, ఎస్. మీరు లేచేటప్పుడు పేజీ తెరిచి ఉన్న విండోలోనే ఉండి, ఆ ఫైలుకి ముందే ఒక పేరు పెట్టి ఉంటే అది సేవ్ అవుతుంది. పోయిన వారం ఈ ఒక్క ముక్క ఎవరైనా మీకు చెప్పి ఉంటే ఆ రెండు గంటల పని దక్కేదేమో అనిపించి బాధేసింది.

ఇప్పుడు కుడి మానిటర్ వెలగకపోవడం, విండోలన్నీ ఎడమకి కుప్పపడటం. మీకు ఇవి రెండు వేర్వేరు గొడవల్లా కనిపిస్తున్నాయి గానీ నాకు రెండూ ఒకటే అనిపిస్తోంది. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్లోనైనా హెచ్‌డీఎంఐ కేబుల్లోనైనా బొమ్మని మోసే తీగలు కాక, ఇవతల నేనున్నాను అని మానిటర్ వైపు నుంచి కంప్యూటర్‌కి చెప్పే పిన్ను ఒకటి ఉంటుంది, దాన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. కొన్ని మానిటర్లు, ముఖ్యంగా డిస్‌ప్లేపోర్ట్ మీద ఉన్నవి, లోతైన నిద్రలోకి వెళ్లగానే ఆ సంకేతాన్ని కూడా ఆపేస్తాయి. బటన్‌తో ఆపినా కొన్ని అంతే. అప్పుడు విండోస్‌కి ఏమనిపిస్తుందంటే ఎవరో కేబుల్ పీకేశారని. లేని మానిటర్ మీద విండోలు ఉంచలేదు కదా, అన్నీ తెచ్చి ఉన్న మానిటర్‌లో పడేస్తుంది. మీరు మౌస్ కదిపాక మానిటర్ లేచి నేనున్నానంటుంది, కార్డు దాని వివరాలు మళ్లీ చదవాలి, ఎంత వేగంతో బొమ్మ పంపాలో డిస్‌ప్లేపోర్ట్‌లో ఇద్దరూ మళ్లీ కుదుర్చుకోవాలి (దీన్ని లింక్ ట్రైనింగ్ అంటారు). అది కుదిరితే బొమ్మ వస్తుంది, విండోలు మాత్రం చోటు మారి ఉంటాయి. కుదరకపోతే సిగ్నల్ లేదని చెప్పి మానిటర్ మళ్లీ పడుకుంటుంది. మీ రెండు గొడవలూ ఇవే కదా.

కాబట్టి కుడి మానిటర్ సొంత మెనూ తెరవండి, కింద బటన్లు నొక్కితే వచ్చేది. అందులో డీప్ స్లీప్ అనో, డీపీ పవర్ సేవింగ్ అనో ఒక ఆప్షన్ ఉందేమో వెతికి ఆపేయండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, నిద్ర, పొదుపు అనే అర్థం వచ్చేది ఏదైనా చూడండి. ఇన్‌పుట్‌ని తనంతట తానే వెతుక్కునే ఆటో అనే సెట్టింగ్ ఉంటే దాన్ని తీసేసి మీరు వాడే పోర్ట్‌నే ఎంచుకోండి, లేచిన ప్రతిసారీ ఖాళీ పోర్ట్‌లన్నీ వెతుక్కుంటూ తిరిగి అసలు సిగ్నల్‌ని అందుకోలేని మానిటర్లు ఉన్నాయి. విండోస్ 11లో కూడా సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ అన్నచోట మానిటర్ కనెక్షన్‌ని బట్టి విండోల చోటు గుర్తుపెట్టుకోమనే టిక్కు ఉంటుంది, అది పెట్టి ఉందో లేదో చూడండి. దాంతో మానిటర్ తిరిగి లేచాక విండోలు వెనక్కి వాటి చోటికి పోతాయి. జబ్బుకి మందు కాదు గానీ కుప్పపడే బాధ తగ్గుతుంది.

తర్వాత కేబుల్. రెండు మానిటర్ల కేబుళ్లు ఒకే రకమైతే, ఒకదాని కేబుల్ ఇంకోదానికి మార్చి మళ్లీ పదిసార్లు పరీక్ష చేయండి. గొడవ కేబుల్‌తో పాటు ఎడమకి వచ్చేస్తే దొంగ దొరికినట్టే. కుడి మానిటర్‌లోనే ఉండిపోతే, ఇప్పుడు కార్డు వెనక పోర్ట్‌లు మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. మధ్యలో అడాప్టర్, డాక్ లాంటివి ఉంటే వాటిని తీసేసి నేరుగా పెట్టి చూడటం అన్నిటికంటే ముందు చేయాలి, నేను విన్న గొడవల్లో చాలావాటికి కారణం అవే. మానిటర్ 144 హెర్ట్జ్‌లో (అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మారుస్తూ) నడుస్తుంటే 60కి తగ్గించి కూడా పరీక్షించండి: తగ్గించగానే గొడవ పోతే ఆ వేగాన్ని ఆ కేబుల్ సరిగ్గా మోయలేకపోతోందని అనుమానించొచ్చు.

కేబుల్ గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. నాకూ ఒకప్పుడు సరిగ్గా ఇలాగే అయింది, మానిటర్ పడుకున్నాక లేచేది కాదు. రెండు నెలలు డ్రైవర్లు మారుస్తూ కూర్చున్నాను, ఒకసారి విండోస్ మొత్తం తీసి మళ్లీ వేశాను, చివరికి స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన కేబుల్ పెట్టిన రోజే పోయింది. తర్వాత చదివితే తెలిసింది. డిస్‌ప్లేపోర్ట్ కనెక్టర్‌లో 20 పిన్నులుంటాయి, చివరిది అడాప్టర్ల లాంటివాటికి 3.3 వోల్టుల కరెంటు ఇవ్వడానికి పెట్టినది. మామూలు కేబుల్‌లో ఆ పిన్నుని రెండు చివర్ల మధ్య కలపకూడదని ప్రమాణం చెబుతుంది, కానీ కొన్ని నాసిరకం కేబుళ్లలో కలిపేస్తారు. దాంతో మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు ఎదురు పారి, కంప్యూటర్ ఆన్ అవకపోవడం, స్లీప్ నుంచి లేవకపోవడం లాంటి వింత గొడవలు వస్తాయి. పనిచేస్తున్నంతసేపూ బొమ్మ చక్కగా ఉంటుంది కాబట్టి కేబుల్ మీద మనకి అనుమానమే రాదు. నా కేబుల్‌లో తప్పు అదేనని నేను కోసి చూడలేదు, కానీ కేబుల్ మార్చాక గొడవ మళ్లీ రాలేదు.

ఇక అక్షరాల చుట్టూ రంగుల గళ్లు. ఇది వచ్చినప్పుడు కంగారుపడి రీస్టార్ట్ చేయకుండా రెండు పనులు చేయండి. ఒకటి, మానిటర్ సొంత మెనూ తెరిచి చూడండి. ఆ మెనూని మానిటరే గీస్తుంది, కంప్యూటర్ కాదు. మెనూ అక్షరాలు కూడా చెదిరిపోయి ఉంటే మానిటర్‌లోనే తేడా ఉంది. రెండు, విండోస్ కీ, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫైలుని ఫోన్‌లోకి పంపుకుని చూడండి. ఫోన్‌లోనూ గళ్లు కనిపిస్తే ఆ బొమ్మ కంప్యూటర్ లోపలే చెడింది, అంటే డ్రైవర్, ఆ సాఫ్ట్‌వేర్, లేదా కార్డు మెమరీ. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే బొమ్మ బాగానే తయారైంది, బయటికి వచ్చే దారిలో, అంటే ఎక్కువగా కేబుల్, పోర్ట్, మానిటర్‌లలో ఎక్కడో పాడవుతోంది. కెమెరాతో స్క్రీన్‌ని ఫొటో తీస్తే ఈ తేడా తెలియదు, స్క్రీన్‌షాటే కావాలి.

గళ్లు స్క్రీన్‌షాట్‌లో కూడా వచ్చి, అవి స్లీప్ నుంచి లేచినప్పుడే వస్తుంటే నా అనుమానం డ్రైవర్ మీదకి పోతుంది. స్లీప్‌లో గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు ఆగిపోతుంది, దాని మెమరీలో ఉన్నదంతా పోతుంది. అందుకే పడుకునే ముందు అందులో ఉన్న అవసరమైనవి పక్కన దాచి, లేచాక మళ్లీ వేయాలి. ఆ దాచడంలో, తిరిగి వేయడంలో పొరపాటు జరిగితే పాత అక్షరాల బొమ్మల స్థానంలో చెత్త కనిపిస్తుంది. మీరు గమనించాల్సింది, గళ్లు అన్నిచోట్లా వస్తున్నాయా, ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనేనా అని. బ్రౌజర్‌లోనో, డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోనో మాత్రమే వస్తుంటే దాని సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మ గీసే పనిని గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెప్పడం) ఆపేసి రెండ్రోజులు వాడి చూడండి. విండోని మూసి తెరవగానే మాయమైతే కూడా అదే గుర్తు.

డ్రైవర్ విషయంలో అందరూ కొత్తది వేయండి అంటారు. నేను ముందు అడిగేది, ఈ గొడవ ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏమైనా అప్‌డేట్ వచ్చిందా అని. వచ్చి ఉంటే డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కి పాతదానికి వెళ్లండి. రాకపోతే అప్పుడు కార్డు చిప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి కొత్తది దించుకోండి. ఈవెంట్ వ్యూయర్‌లో (కంప్యూటర్‌లో జరిగినవి విండోస్ రాసుకునే చిట్టా) విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి, గొడవ వచ్చిన నిమిషంలో డిస్‌ప్లే అనే పేరుతో 4101 నంబర్ ఈవెంట్ ఉందేమో చూడండి. కార్డు మామూలుగా 2 సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని తిరిగి మొదలుపెట్టి రాసుకునే చీటీ అది. అక్కడే కెర్నల్ పవర్, 41 అని ఎర్ర గుర్తుతో ఇంకోటి కనిపిస్తుంది, దాన్ని చూసి భయపడకండి, మీరు పవర్ బటన్ పట్టుకుని ఆపినందుకు పడిన గుర్తు మాత్రమే, అది కారణం కాదు.

ఇంకో ముఖ్యమైన మాట. డ్రైవర్ మార్చాక షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్ట్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని, డ్రైవర్ల స్థితితో సహా, డిస్క్‌లో దాచి మర్నాడు అదే తెరుస్తుంది, నిన్నటి తేడా అలాగే ఉండిపోతుంది. రీస్టార్ట్‌లో అలా జరగదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట ఈ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేసి కొన్నాళ్లు చూడండి. అక్కడే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఉంటుంది (కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారిని పని లేనప్పుడు పొదుపులో పెట్టేది), దాన్ని కూడా ఆఫ్ చేసి ఒకసారి పరీక్షించండి.

ఇది చదివేవాళ్లలో లినక్స్ వాడేవాళ్లూ ఉంటారు, వాళ్లకి రెండు మాటలు. నల్లగా ఉండిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్ వస్తుందేమో చూడండి, వస్తే సిస్టమ్ బాగానే ఉంది, డెస్క్‌టాప్‌లోనే చిక్కుంది. ఎన్‌విడియా కార్డుతో సస్పెండ్ (స్లీప్‌కి అక్కడి పేరు) తర్వాత బొమ్మలు చెదిరిపోతుంటే, వీడియో మెమరీని భద్రపరిచే ఆప్షన్ ఒకటి ఆ డ్రైవర్‌లోనే ఉంది, దాన్నీ దాంతో పాటు వచ్చే సస్పెండ్ సర్వీసుల్నీ ఆన్ చేసుకోవాలి. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏమీ కదపనప్పుడే స్క్రీన్ మినుకుమినుకుమంటుంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్‌ని ఆపి చూడండి. బొమ్మ మారనప్పుడు కరెంటు ఆదా కోసం ప్యానెలే తన మెమరీలోంచి పాత బొమ్మని చూపించుకునే పద్ధతి అది.

మరి కార్డు నిజంగా పోయిందని ఎప్పుడు నమ్మాలి? కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ ఇంకా మొదలవకముందు వచ్చే కంపెనీ లోగో మీదో, బయోస్ స్క్రీన్‌లోనో గళ్లు, గీతలు కనిపిస్తే, అవి రెండు మానిటర్ల మీదా వస్తే. అప్పటికి డ్రైవరే మొదలవలేదు కాబట్టి తప్పు దాని మీద వేయలేం. బరువైన పని చేస్తున్నప్పుడు కూడా రావడం మొదలైతే అదీ చెడ్డ గుర్తే. మీ మదర్‌బోర్డు మీద కూడా మానిటర్ పెట్టుకునే పోర్ట్ ఉండి, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే, కార్డు తీసి ఆ పోర్ట్‌కి మానిటర్ పెట్టి రెండు రోజులు నడిపించండి. అప్పుడు గొడవ లేకపోతే కార్డు మీద అనుమానం గట్టిపడుతుంది, కార్డు లేకుండా కూడా వస్తే ఆ డబ్బు మిగిలినట్టే.

మానిటర్ పాతబడినా ఇలాంటివి వస్తాయి. చాలాసేపు ఆరి ఉన్నాక వెలగడానికి మొరాయించి, కాసేపు మిణికి, వేడెక్కాక నిలకడగా ఉంటే లోపలి పవర్ బోర్డులో కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. మసకగా విండోలు కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనక వెలుగే రావడం లేదు. ఈ రెండూ రిపేరు చేసేవాళ్ల పని, మానిటర్ విప్పి మీరు చేయి పెట్టకండి, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

మీరు చేసే వరుస ఇలా పెట్టుకోండి: ఆటో సేవ్, తర్వాత ఏ నలుపో తేల్చడం, తర్వాత మానిటర్ మెనూ, కేబుల్ మార్పిడి, ఆ తర్వాతే డ్రైవర్. ఇంత చేసినా తేలకపోతే మళ్లీ రాయండి, ఈసారి నాకు నాలుగు విషయాలు కావాలి: పదింటిలో ఎన్నిసార్లు తప్పింది, స్క్రీన్ మాత్రమే ఆరినప్పుడా, స్లీప్‌లోనా, కుడి మానిటర్ ఏ రకం కేబుల్ మీద ఉంది, గళ్లు స్క్రీన్‌షాట్‌లో పడ్డాయా లేదా. రిపేరు చేసే అతన్ని కూడా అడగండి, కార్డు పోతోందని ఏ పరీక్ష చేసి చెప్పారో, ఆ జవాబు కూడా రాయండి.